పాత కంప్యూటరుకు కొత్త డిస్కు: ఏ అడాప్టర్ బోర్డు తయారుచేసుకోవాలి?

పాత కంప్యూటర్లలో మొదట చేతులెత్తేసేది హార్డ్ డిస్కే. ఉబ్బిన కెపాసిటర్ ఊడదీసి కొత్తది పెట్టొచ్చు, తుప్పు పట్టిన పిన్నులు రుద్ది శుభ్రం చేయొచ్చు. బేరింగులు అరిగి, హెడ్డు పళ్లేనికి అతుక్కుపోయిన 20 ఎంబీ డ్రైవును మాత్రం ఇంట్లో కూర్చుని బాగుచేయలేం. అందుకే మెమరీ కార్డును హార్డ్ డిస్కులా చూపించే బోర్డులు పుట్టుకొచ్చాయి. ఇప్పుడవి ఎన్ని రకాలున్నాయంటే, కొత్తగా ఈ సరదాలోకి దిగినవాళ్లకు తల తిరిగేది అక్కడే.

చాలామంది "కాంపాక్ట్‌ఫ్లాష్ మంచిదా, ఎస్‌డీ మంచిదా" అని మొదలుపెడతారు. కార్డు సంగతి ఆఖరున తేల్చుకోవచ్చు. ముందు చూడాల్సింది మీ మెషీన్ డిస్కుతో ఏ పద్ధతిలో మాట్లాడుతుందనేది. అది తెలిస్తే సగం బోర్డులు వాటంతటవే పక్కకు పోతాయి. మిగిలినవాటిలో ఎంచుకోవడానికి నా కొలబద్ద ఒకటే: కార్డుకూ కంప్యూటరుకూ మధ్య ఎంత తక్కువ తెలివి ఉంటే అంత మేలు. ఉత్త తీగలతో పని జరిగితే చిప్పు వద్దు. మామూలు లాజిక్ చిప్పులతో జరిగితే మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాముతో నడిచే చిన్న కంప్యూటర్ చిప్పు) వద్దు. మైక్రోకంట్రోలర్ తప్పదంటే మాత్రం ఫర్మ్‌వేర్ (దాని లోపల నడిచే ప్రోగ్రాము) సొంతంగా రాసుకోకుండా, ఎంతోమంది వాడి సరిచేసుకుంటూ వచ్చినదాన్ని తీసుకోండి.

ముందు మూత తీసి కనెక్టర్ చూడండి

40 పిన్నుల రెండు వరసల కనెక్టర్ ఉంటే ఐడీఈ, అంటే పీసీల్లో హార్డ్ డిస్కును కలిపే మామూలు పద్ధతి. అదే కాస్త చిన్న పిన్నులతో 44 ఉంటే ల్యాప్‌టాప్ ఐడీఈ. అందులో కరెంటు కూడా ఆ కేబుల్ లోంచే వస్తుంది. 50 పిన్నులుంటే దాదాపు ఎప్పుడూ స్కజీయే (మాక్‌లు, వర్క్‌స్టేషన్లు వాడిన పద్ధతి). ఒక 34 పిన్నుల కేబులు, పక్కనే 20 పిన్నుల సన్న కేబులు కలిసి వెళ్తుంటే అది ఎస్‌టీ-506 తరహా, అంటే అందరూ ఎంఎఫ్ఎం అని పిలిచే పాత హార్డ్ డిస్కు. ఇక్కడ కొంచెం జాగ్రత్త: ఫ్లాపీ డ్రైవుకూ 34 పిన్నులే. కనెక్టర్ సరిగ్గా కూర్చుంది కదా అని ఒకదానిది ఇంకోదానికి తగిలించొద్దు, రెండింటి సిగ్నల్సూ వేరు.

1980ల తొలినాటి ఐబీఎం పీసీ, ఎక్స్‌టీ తరహా మెషీన్లలో మదర్‌బోర్డు మీద డిస్కు కనెక్టర్ అసలు ఉండదు, 8 బిట్ల ఐఎస్ఏ స్లాట్లు (అదనపు కార్డులు గుచ్చే చోట్లు) మాత్రమే ఉంటాయి. కొమడోర్ 64 లాంటి ఇంటి కంప్యూటర్లకు డ్రైవు బయట నుంచి సీరియల్ కేబులుతో వస్తుంది. వీటిలో ఒక్కోదానికి దారి ఒక్కోటి.

ఐడీఈ ఉంటే సగం పని అయిపోయినట్టే

1994లో శాన్‌డిస్క్ తెచ్చిన కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డులో ట్రూ ఐడీఈ అనే మోడ్ ఉంది. కార్డుకు కరెంటు అందేటప్పుడు దాని 9వ పిన్ను గ్రౌండుకు కలిపి ఉంటే, ఆ కార్డు తనను తాను ఐడీఈ డిస్కుగా చూపించుకుంటుంది. అంటే అడాప్టర్ బోర్డు మీద నిజానికి చేయాల్సిన పనేమీ లేదు: పిన్నులను సరిగ్గా అటూ ఇటూ కలపడం, ఒక ఎల్ఈడీ, మాస్టర్-స్లేవ్ జంపర్, అంతే. పైగా సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్) కార్డు 5 వోల్టుల మీద కూడా నడుస్తుంది కాబట్టి వోల్టేజీ మార్పిడి గొడవ కూడా లేదు. సొంతంగా ఒక పీసీబీ (సర్క్యూట్ బోర్డు) గీసుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి తొలి ప్రాజెక్టు దొరకదు.

ఎస్‌డీ నుంచి ఐడీఈకి మార్చే రెడీమేడ్ బోర్డులూ ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఎఫ్‌సీ1307ఏ అనే చిప్పు మీద నడుస్తాయి. పని చేస్తాయి, కానీ మధ్యలో ఒక చిప్పు, దానిలో మనం చూడలేని ఫర్మ్‌వేర్ వచ్చి చేరాయి. ఇబ్బంది వస్తే అది కార్డుదా, చిప్పుదా, మదర్‌బోర్డుదా అని తేల్చుకోలేక జుట్టు పీక్కోవాలి. సీఎఫ్ దొరికినంత కాలం ఐడీఈ మెషీన్‌కు నా ఓటు సీఎఫ్‌కే. పెంటియం, ఆ తర్వాతి మెషీన్లయితే సాటా ఎస్ఎస్‌డీకి ఒక బ్రిడ్జి బోర్డు పెట్టడం తేలికైన దారి. అక్కడ వేగం నిజంగా అక్కరకొస్తుంది.

సీఎఫ్‌కూ తిప్పలు లేకపోలేదు. చాలా కార్డులు తమను తొలగించగల డిస్కుగా చెప్పుకుంటాయి. డాస్‌కు అది పట్టదు. విండోస్ ఎక్స్‌పీ మాత్రం అలాంటి కార్డులో మొదటి పార్టిషన్ తప్ప మిగతావాటిని చూపించదు. చౌక అడాప్టర్లలో కొన్నింటిలో డీఎంఏ (ప్రాసెసరు ప్రమేయం లేకుండా డేటా నేరుగా మెమరీకి వెళ్లే పద్ధతి) పిన్నులు కలపరు. కార్డేమో తనకు డీఎంఏ వచ్చని చెబుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ నమ్ముతుంది, బూటు మధ్యలో మెషీన్ బిగుసుకుపోతుంది. మీరే గీసుకుంటే ఆ రెండు తీగలూ మరిచిపోకండి, పెద్ద ఖర్చేమీ కాదు. ఇంకొకటి, ఒకే కేబుల్ మీద రెండు వేర్వేరు కంపెనీల సీఎఫ్ కార్డులను మాస్టరు, స్లేవులుగా పెడితే చాలాసార్లు ఒకదానికొకటి పొసగవు. ఒక కేబుల్‌కు ఒక కార్డు అనుకుంటే టెన్షన్ ఉండదు.

అమీగా 600, 1200 వాడేవాళ్లకూ ఇదే దారి, 44 పిన్నుల అడాప్టర్ లోపల చక్కగా ఇమిడిపోతుంది. అయితే పెద్ద ఫైళ్లు కాపీ చేశాక చెడిపోయి కనిపిస్తే కార్డును తిట్టుకునే ముందు అమీగా డిస్కు సెట్టింగుల ప్రోగ్రాము హెచ్‌డీటూల్‌బాక్స్‌లో మాక్స్‌ట్రాన్స్‌ఫర్ (ఒక్కసారికి పంపే డేటా హద్దు) విలువను 0ఎక్స్1ఎఫ్ఈ00కు తగ్గించి చూడండి. నూటికి తొంభై కేసుల్లో మందు అదే.

8 బిట్ల ఐఎస్ఏ: కట్టుకోవడంలో అసలు మజా ఇక్కడుంది

ఐడీఈ డేటా దారి వెడల్పు 16 బిట్లు. ఎక్స్‌టీ స్లాటు వెడల్పు 8. ఈ రెండింటినీ కలపడానికి రెండు పద్ధతులున్నాయి, మీరు ఎంచుకోవాల్సింది వాటి మధ్యే.

మొదటిది ఎక్స్‌టీ-ఐడీఈ. ఔత్సాహికులు కలిసి తయారుచేసిన ఓపెన్ డిజైను ఇది. డిస్కు నుంచి 16 బిట్లు వచ్చినప్పుడు కింది బైటు నేరుగా ప్రాసెసరుకు పోతుంది, పై బైటు ఒక లాచ్ చిప్పులో కాసేపు ఆగుతుంది, తర్వాతి రీడ్‌లో ప్రాసెసరు దాన్ని తీసుకుంటుంది. రాసేటప్పుడు ఇదే తిరగేసి: పై బైటు ముందు లాచ్‌లోకి, తర్వాత కింది బైటుతో కలిపి రెండూ ఒకేసారి డిస్కుకు. దీనివల్ల లాభం ఏమిటంటే కార్డులే కాదు, మామూలు ఐడీఈ హార్డ్ డిస్కులు కూడా ఎక్స్‌టీలో నడుస్తాయి.

తొలి డిజైన్‌లో ఆ పై బైటు చిరునామా కింది బైటుకు ఎనిమిది స్థానాల దూరంలో ఉండేది. తర్వాతి రివిజన్‌లో ఏ0, ఏ3 అడ్రస్ తీగలను అటుదిటు మార్చారు. రెండు తీగల మార్పిడి, అంతే. దాంతో రెండు బైట్లూ పక్కపక్కన చేరాయి. 8088 ప్రాసెసరు ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో వరసగా ఉన్న రెండు పోర్టులు (పరికరాలను పిలిచే చిరునామాలు) చదవగలదు కాబట్టి, చదివే వేగం బాగా పెరిగింది. కొత్త చిప్పు ఒక్కటీ కలపకుండా ఇంత లాభం తెచ్చిన మార్పు చూస్తే ముచ్చటేస్తుంది. మీరు ఎక్కడి నుంచైనా పాత గెర్బర్ ఫైళ్లు (బోర్డు తయారీకి పంపే డ్రాయింగులు) తెచ్చుకుని బోర్డు చేయించబోతుంటే, అవి ఈ మార్పుకు ముందువో తర్వాతవో తప్పక చూసుకోండి.

రెండోది ఎక్స్‌టీ-సీఎఫ్. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డుకు ఒక కమాండ్ పంపితే అది 8 బిట్ల పద్ధతికి మారిపోతుంది. అప్పుడు లాచ్‌తో పనే లేదు. అడ్రస్ పోల్చే చిప్పు, ఒక బఫర్, బూట్ రోమ్, మరో ఒకటీ అరా. వేళ్ల మీద లెక్కపెట్టగలిగే చిప్పులతో బోర్డు అయిపోతుంది. నష్టం ఒక్కటే: మామూలు ఐడీఈ హార్డ్ డిస్కుల్లో చాలావాటికి ఆ 8 బిట్ల కమాండ్ తెలియదు, అవి దీని మీద నడవవు.

మీ దగ్గర పాత ఐడీఈ డిస్కులు కుప్పగా ఉండి, వాటినీ చదవాలనుకుంటే మొదటిది. ఎక్స్‌టీని లేపి నిలబెట్టి ఆటలు ఆడుకుంటే చాలు అనుకుంటే రెండోది. మొదటిసారి సోల్డరింగ్ చేసేవాళ్లకైతే నేను ఎక్స్‌టీ-సీఎఫ్ అనే చెబుతాను. చిప్పులు తక్కువైతే తప్పు జరిగే చోట్లూ తక్కువే కదా.

రెండింటికీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే, ఎక్స్‌టీఐడీఈ యూనివర్సల్ బయోస్ (బయోస్ అంటే మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే, రోమ్‌లో ఉండే ప్రోగ్రాము). ఓపెన్ సోర్సుది, ఉచితం. చిన్న బిల్డ్ 8 కేబీ రోమ్‌లో పట్టేస్తుంది. పవర్ ఆన్ అవగానే కంప్యూటరు సీ8000 అడ్రసు నుంచి పైకి 2 కేబీ చొప్పున వెతుక్కుంటూ పోతుంది. ఎక్కడైనా మొదటి రెండు బైట్లు 55, ఏఏ అని కనిపించి, మొత్తం బైట్ల కూడిక చివరి 8 బిట్లు సున్నా అయితే ఆ రోమ్‌ను నడుపుతుంది. ఇందులో ఒక పితలాటకం ఉంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ తొలి బయోస్‌లకు ఈ వెతుకులాట రాదు. 1982 అక్టోబరు 27 తేదీ ఉన్న బయోస్ నుంచే వచ్చింది. మీ బోర్డు అన్ని విధాలా సరిగ్గా ఉన్నా ఆ మెషీన్‌లో ఉలుకూ పలుకూ లేకపోతే, తప్పు బోర్డుది కాదు; మదర్‌బోర్డు మీది బయోస్ రోమ్ మార్చాలి.

సొంతంగా డిజైన్ చేసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయే తీగ ఏఈఎన్, స్లాటులో ఏ11 పిన్ను. డీఎంఏ జరుగుతున్నప్పుడు బస్సు (కార్డులన్నీ పంచుకునే తీగల వరస) మీద ఉండే అడ్రసు మెమరీది, కానీ పోర్టు చదివే, రాసే సిగ్నల్సూ అప్పుడే కదులుతుంటాయి. ఏఈఎన్ చూడని బోర్డు ఆ మెమరీ అడ్రసులో చివరి బిట్లు తన పోర్టు నంబరుతో కలిసిపోతే "నన్నే పిలిచారు" అనుకుని జవాబిచ్చేస్తుంది. ఫలితం: డిస్కు బాగానే ఉంటుంది, ఫ్లాపీ చదివినప్పుడు మాత్రం అప్పుడప్పుడూ ఒక బైటు తేడా. ఇలాంటి తప్పును పట్టుకోవడానికి వారాలు పడుతుంది. ముందే ఆ తీగను డీకోడర్‌లోకి తీసుకెళ్లండి. అలాగే పోర్టు 300 హెక్స్ అని స్థిరంగా పెట్టేయొద్దు, స్విచ్చులు పెట్టండి. ఎన్ఈ2000 తరహా నెట్‌వర్క్ కార్డులు కూడా సాధారణంగా అక్కడే మకాం వేస్తాయి.

386, 486 మెషీన్లలో ఐడీఈ పోర్టు ఉండి, బయోస్ మాత్రం పెద్ద కార్డును గుర్తించకపోతే కొత్త బోర్డు కట్టక్కర్లేదు. ఆ పాత బయోస్‌ల హద్దు 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు; గుణిస్తే 52,84,82,304 బైట్లు, అంటే 528 ఎంబీ. ఏదైనా పాత నెట్‌వర్క్ కార్డు మీద ఖాళీగా ఉన్న బూట్ రోమ్ సాకెట్‌లో ఇదే యూనివర్సల్ బయోస్‌ను పెడితే ఆ హద్దు పోతుంది. ఒక రోమ్ చిప్పు, పది నిమిషాల పని.

స్కజీ: ఇక్కడ మైక్రోకంట్రోలర్ తప్పదు

మెకింతాష్ ప్లస్ 1986లో స్కజీతో వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు మాక్‌లు, సన్ వర్క్‌స్టేషన్లు, కొన్ని అమీగాలు, సంగీతం చేసే శాంప్లర్లు దీని మీదే నడిచాయి. స్కజీ మాట్లాడే మెమరీ కార్డు లేదు. కాబట్టి మధ్యలో ఒక ప్రాసెసరు కూర్చుని, కమాండ్లు అర్థం చేసుకుని, ఎస్‌డీ కార్డులోని ఫైలును డిస్కులా చూపించాలి. నేను మొదట్లో చెప్పిన "తక్కువ తెలివి" సూత్రం ఇక్కడ చెల్లదు.

ముందు అందరికీ తెలిసిన పేరు స్కజీ2ఎస్‌డీ. ఇప్పుడు ఎక్కువగా వినిపించేవి బ్లూస్కజీ, జూలూస్కజీ, రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే పైస్కజీ. బ్లూస్కజీ మొదటి తరం ఎస్‌టీఎం32 బ్లూ పిల్ బోర్డు మీద నడిచేది, రెండో తరం రాస్ప్‌బెర్రీ పై పికో మీదకు మారింది. మొదటి తరం కట్టాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: బ్లూ పిల్ పేరుతో అమ్మే బోర్డుల మీద నకిలీ చిప్పులు కొల్లలు. ఇప్పుడు కొత్తగా కట్టేవాళ్లు ఆ దారికి పోవాల్సిన పనే లేదు, రెండో తరమే తీసుకోండి.

బ్లూస్కజీ రెండో తరం ఫర్మ్‌వేర్ జూలూస్కజీ ఫర్మ్‌వేర్‌లోంచి పుట్టిందే కాబట్టి రెండింటి ప్రవర్తనా దాదాపు ఒక్కటే. తేడా ఎక్కువగా మీరు ఏం చేయాలనుకుంటున్నారన్న దాంట్లో ఉంది. కిట్టు తెచ్చుకుని సోల్డర్ చేసుకోవాలంటే బ్లూస్కజీ. పెట్టె విప్పి తగిలించేసి పని చూసుకోవాలంటే రెడీమేడ్ జూలూస్కజీ. పైస్కజీది వేరే లోకం. బ్రౌజర్‌లోంచి డిస్కు ఇమేజీలు మార్చుకోవచ్చు, నెట్‌వర్క్ కార్డులా కూడా నటిస్తుంది. కానీ లోపల ఉన్నది పూర్తి లినక్స్ మెషీన్. అది బూట్ అయ్యేలోపే మీ పాత మాక్ డిస్కు కోసం వెతికి, దొరకలేదని ప్రశ్నార్థకం గుర్తు చూపిస్తుంది. కరెంటు తీసేముందు దాన్ని కూడా పద్ధతిగా షట్‌డౌన్ చేయాలి. పనిబల్ల మీద ప్రయోగాలకు బాగుంటుంది, మెషీన్‌లో శాశ్వతంగా బిగించడానికి నాకు నచ్చదు. నెట్‌వర్క్ ఒక్కటే కావాలంటే పికో డబ్ల్యూ పెట్టిన బ్లూస్కజీ వైఫై కూడా ఇస్తుంది.

సొంత స్కజీ బోర్డు గీస్తే? ఒకసారి లెక్క వేయండి. బస్సు రెండు చివర్లా 220, 330 ఓమ్‌ల టెర్మినేటర్లుంటాయి (సిగ్నల్ చివర తగిలి వెనక్కి రాకుండా ఆపే రెసిస్టర్లు). ఒక్కో చివర 3 వోల్టులకు 132 ఓమ్‌లతో లాగినట్టు, రెండూ కలిస్తే 66 ఓమ్‌లు. ఆ తీగను కిందికి లాగి పట్టుకోవాలంటే సుమారు 45 మిల్లీ ఆంపియర్లు మింగాలి. స్కజీ ప్రమాణం 48 అడిగేది అందుకే. పికో మీది ఆర్‌పీ2040 పిన్నును గరిష్ఠంగా పెట్టుకున్నా 12 మిల్లీ ఆంపియర్లే. మధ్యలో సరైన బఫర్ చిప్పులు లేకుండా పిన్నులను నేరుగా కలిపిన బోర్డు బల్ల మీద పొట్టి కేబులుతో నడిచినట్టే నడుస్తుంది, పొడవు కేబులు తగిలించగానే తికమక పడుతుంది.

స్కజీలో వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా టెర్మినేషన్‌దే. బస్సుకు రెండు చివర్లు, రెండు టెర్మినేటర్లు. మూడోది ఉండకూడదు, ఒకటితో సరిపెట్టకూడదు. మెకింతాష్ ప్లస్ అయితే టెర్మినేటర్లకు కావాల్సిన కరెంటును బస్సు మీద ఇవ్వదు. బయట తగిలించే బోర్డుకు యూఎస్‌బీ ద్వారా కరెంటు ఇవ్వాల్సి వస్తుంది.

ఫైలు పేరులోనే సెట్టింగు ఉండటం ఈ బోర్డుల్లో నాకు నచ్చిన సంగతి. కార్డులో హెచ్‌డీ10 అని మొదలయ్యే ఇమేజీ పెడితే 1 స్కజీ ఐడీ, 0 లాజికల్ యూనిట్. సీడీ3 అని పెడితే ఐడీ 3 మీద సీడీ డ్రైవు. ఏదైనా తేడా వస్తే కార్డు తీసి లాగ్ ఫైలు తెరిచి చదవండి, ఏం నచ్చలేదో బోర్డే రాసిపెడుతుంది. ఇమేజీ ఫైలు కార్డులో ముక్కలు ముక్కలుగా పడితే వేగం తగ్గుతుంది. కాబట్టి కొత్తగా ఫార్మాట్ చేసిన కార్డులోకి పెద్ద ఇమేజీలను ముందు కాపీ చేయండి. ఆపిల్ పాత డిస్కు ఫార్మాటింగ్ ప్రోగ్రాము తమ కంపెనీ డ్రైవులను మాత్రమే ఒప్పుకునేది, అందుకే మార్చిన వెర్షన్ వాడటం మామూలైపోయింది.

ఫ్లాపీ, ఇంటి కంప్యూటర్లు, ఎంఎఫ్ఎం

ఫ్లాపీ మీదే నడిచే పీసీ, అమీగా, అటారీ ఎస్‌టీలకు గోటెక్ బోర్డు (యూఎస్‌బీ డ్రైవును ఫ్లాపీలా చూపించేది) కొని అందులో ఫ్లాష్‌ఫ్లాపీ ఫర్మ్‌వేర్ పెట్టడం. ఇది అసలు పోటీయే లేని ఎంపిక, సొంత బోర్డు గీయడానికి కారణం కనిపించదు. చిన్న ఓలెడ్ తెర, తిప్పే నాబ్ కలిపితే ఇమేజీ పేర్లు చూసి ఎంచుకోవచ్చు. ఫ్లాపీ కేబుల్ సిగ్నల్స్ పీసీ తరహానా, షుగార్ట్ తరహానా అన్నది కాన్ఫిగరేషన్ ఫైలులో సరిగ్గా చెప్పండి. పాత మాక్, ఆపిల్ 2 డ్రైవులు మాత్రం పూర్తిగా వేరే రకం, వాటికి ఫ్లాపీ ఈము లాంటివి కావాలి.

కొమడోర్ 64 దగ్గర ఎంపిక కొంచెం ఆలోచించాల్సిందే. దాని 1541 డ్రైవు తనంతట తానే ఒక కంప్యూటరు, లోపల సొంత 6502 ప్రాసెసరు, 2 కేబీ ర్యామ్ ఉన్నాయి. చాలా ఆటలు తమ కోడ్‌ను డ్రైవులోకి పంపి, అక్కడే నడిపించి వేగంగా లోడ్ అవుతాయి. ఎస్‌డీ2ఐఈసీ చిన్నది, తేలిక, మీరే కట్టుకోవచ్చు, కానీ ఆ 6502 కోడ్‌ను నడపలేదు. తనకు ముందే తెలిసిన ఫాస్ట్‌లోడర్లనే గుర్తిస్తుంది. పై1541 రాస్ప్‌బెర్రీ పై మీద డ్రైవు మొత్తాన్నీ సైకిల్ తేడా లేకుండా నటిస్తుంది. మీ దగ్గర ఉన్నవి ఒకే ఫైలు ప్రోగ్రాములైతే మొదటిది చాలు. డిస్కుల మీద వచ్చిన ఆటలు, డెమోలు కావాలంటే మొదట్లోనే రెండోది తీసుకోండి, లేకపోతే రెండూ కొనాల్సి వస్తుంది.

ఎంఎఫ్ఎం డ్రైవు పోయిన ఎక్స్‌టీకి, పాత కంట్రోలర్ తీసి ఎక్స్‌టీ-సీఎఫ్ పెట్టడమే తెలివైన పని. పీసీ కాని పాత మినీ కంప్యూటర్లు, వర్క్‌స్టేషన్లకు ఆ దారి లేదు. వాటికి బీగల్‌బోన్ మీద నడిచే ఎంఎఫ్ఎం ఎమ్యులేటర్ ఉంది. సెకనుకు 50 లక్షల బిట్ల పచ్చి సిగ్నల్‌ను అది అలాగే పట్టుకుని తిరిగి ఇవ్వగలదు. బతికున్న డ్రైవును బిట్టు పోకుండా కాపీ చేయడానికి కూడా పనికొస్తుంది.

5 వోల్టులు, 3.3 వోల్టులు

ఎస్‌డీ కార్డున్న ఏ బోర్డులోనైనా ఈ సరిహద్దు దాటాల్సిందే. పాత బస్సు 5 వోల్టులది, కార్డూ పికోలాంటి కంట్రోలర్లూ 3.3 వోల్టులవి. పాత వైపు నుంచి వచ్చేదాన్ని 3.3 మీద నడిచే 74ఎల్‌వీసీ245 తరహా చిప్పు భరించగలదు, 5 వోల్టుల ఇన్‌పుట్‌కు అది తట్టుకుంటుంది. అటు పోయేదానికి 74హెచ్‌సీటీ వాడండి, 74హెచ్‌సీ కాదు. హెచ్‌సీటీకి 2 వోల్టులు దాటితే చాలు, ఒకటి అని ఒప్పుకుంటుంది. హెచ్‌సీకి 5 వోల్టుల మీద 3.5 కావాలి, 3.3 ఇస్తే ఒకసారి వింటుంది, ఒకసారి వినదు. పేరులో ఒక్క అక్షరం తేడా కాబట్టి విడిభాగాలు ఆర్డర్ చేసేటప్పుడు రెండుసార్లు చూడండి. రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించే చిట్కా నెమ్మది సిగ్నల్స్‌కు సరే, డేటా బస్సుకు పనికిరాదు.

కొనాలా, కిట్టా, సొంత పీసీబీయా

మెషీన్ నడవడమే ముఖ్యమైతే కొనేయండి, అందులో తక్కువతనం ఏమీ లేదు. కిట్టు కట్టడం వల్ల వచ్చే అసలు లాభం రేపు చెడిపోతే మీరే బాగుచేసుకోగలగడం. అందుకే సాకెట్లలో కూర్చునే పెద్ద చిప్పుల డిజైన్లను నేను ఇష్టపడతాను, బోర్డు పెద్దదైనా సరే.

ఐఎస్ఏ బోర్డు మీరే తయారుచేయించుకుంటే మందం 1.6 మి.మీ. ఉండాలి, స్లాటులోకి పోయే అంచును ఏటవాలుగా చెక్కించాలి, ఆ వేళ్లకు బంగారు పూత అడగాలి. తగరం పూత నాలుగుసార్లు తీసి పెడితే గీరుకుపోయి స్లాటులో రజను రాలుస్తుంది. రెండు పొరల బోర్డు ఈ వేగాలకు సరిపోతుంది. ప్రతి చిప్పు దగ్గరా 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. పెట్టకపోయినా నడుస్తోందని ఎవరైనా అంటే వినొద్దు.

మొదటిసారి తగిలించే ముందు మల్టీమీటర్ తీసి బీ1 గ్రౌండుకూ బీ3 5 వోల్టులకూ మధ్య షార్టు లేదని చూడండి. తర్వాత బీ7, బీ9 చూడండి. అక్కడ మైనస్ 12, ప్లస్ 12 వోల్టులుంటాయి. మీ బోర్డుకు అవి అక్కర్లేదు, వాటికి ఏదీ తగలకూడదు.

ఇప్పుడు కార్డు సంగతి

పెద్ద కార్డు వద్దు. డాస్ 3.3కు ఒక పార్టిషన్ 32 ఎంబీ దాటదు, ఆ తర్వాతి డాస్‌లకు ఎఫ్ఏటీ16 ఫైల్ సిస్టమ్‌లో 2 జీబీ హద్దు. ఎక్స్‌టీకి 512 ఎంబీ కార్డే సముద్రం. ఆ కాలం సాఫ్ట్‌వేర్ అంతా పోసినా నిండదు. సీఎఫ్‌లో పరిశ్రమల కోసం చేసినవి దొరికితే అవే తీసుకోండి. కెమెరాల నుంచి దిగిపోయిన పాతవి కూడా చాలావరకు బాగానే ఉంటాయి. ఎస్‌డీలో ప్యాకెట్ మీద రాసిన వేగం పెద్ద ఫైళ్లకు సంబంధించింది, డిస్కులా వాడేటప్పుడు చిన్న చిన్న రాతలు ముఖ్యం, కాబట్టి ఏ1 గుర్తున్నది చూడండి. ఏది కొన్నా మొదట ఆధునిక కంప్యూటరులో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 లాంటి ప్రోగ్రాముతో అంచుదాకా నింపి సరిచూడండి. నకిలీ కార్డు సగం నిండేదాకా మంచిగానే నటిస్తుంది.

పార్టిషన్ మాత్రం పాత మెషీన్‌లోనే చేయండి. సిలిండర్లు, హెడ్ల లెక్క ఒక్కో బయోస్ ఒక్కోలా వేస్తుంది, ఒకచోట చేసిన కార్డు ఇంకోచోట బూటు కాకపోవడానికి అదే కారణం. కొత్త కార్డయినా వింతగా మొండికేస్తుంటే ముందు సెక్టార్లన్నీ సున్నాలతో తుడిచి, మళ్లీ మొదలుపెట్టండి.

పాత ఎంఎఫ్ఎం డ్రైవు ఇంకా తిరుగుతుంటే దాన్ని తీసేసే తొందర వద్దు. దాని కంట్రోలర్ సాధారణంగా పోర్టు 320, రోమ్ సీ8000 దగ్గర ఉంటుంది. మీ కొత్త బోర్డును పోర్టు 300, రోమ్ డీ0000 దగ్గర పెడితే రెండూ ఒకే మెషీన్‌లో కలిసి నడుస్తాయి. పాత డ్రైవు నుంచి బూట్ చేసి, కార్డు రెండో డ్రైవుగా కనిపించగానే అన్నీ దానిలోకి కాపీ చేసేయండి. చదవలేని సెక్టార్లు వస్తే మెషీన్ ఓ అరగంట వేడెక్కాక మళ్లీ ప్రయత్నించండి, చల్లగా ఉన్నప్పుడు మొరాయించినవి కొన్నిసార్లు అప్పుడు వస్తాయి. కాపీ అయ్యాక కార్డును ఆధునిక కంప్యూటరులో పెట్టి మొత్తం ఇమేజీగా తీసి దాచుకోండి. ఆ తర్వాతే పాత డ్రైవు కేబుల్ ఊడదీయండి.